నా జోడీ ఇంటికి విజిట్‌కు వెళ్ళిన రోజు

రిటైరైన తర్వాత నన్ను అప్పుడప్పుడు శిక్షణ తరగతులకు పిలుస్తున్నారు. పిల్లల రక్షణ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. ఒక శాలువా కప్పుతారు, చల్లారిన చాయ్ ఇస్తారు, అనుభవాలు చెప్పమంటారు. చివర్లో ఎవరో ఒకమ్మాయి చెయ్యెత్తి అడుగుతుంది: "మేడం, దినాం గవన్నీ విని ఇంటికి పోయి అన్నం ఎట్ల తిన్నరు?" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి, "ఆకలైతే తింటం గదా బిడ్డా" అని తప్పించుకుంటాను. అప్పుడే శాలువా కప్పించుకున్న మనిషి అంతకంటే ఏం చెబుతుంది? అసలు జవాబు చెప్పాలంటే నా జోడీ గురించి చెప్పాలి. అది మైకు ముందు చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీకు పనికొస్తే ఉంచుకోండి, లేకపోతే ముసలావిడ సోది అనుకుని పక్కన పెట్టండి.

మా ఆఫీసు పాతబస్తీలో ఒక జరీ అంచుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉండేది. పిల్లల్ని కొడుతున్నారని, చదువు మాన్పించి పెళ్ళి చేస్తున్నారని, ఇంట్లో బంధించారని, అంతకంటే ఘోరం జరిగిందని ఫోన్లు వచ్చేవి. ఫోన్ వస్తే ఆ ఇంటికి వెళ్ళి చూడాలి. దాన్నే మేం విజిట్ అంటాం. ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరు వెళ్ళాలి. ఆ ఇద్దరికీ జోడీ అని పేరు. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు చూడాలి. మా జోడీలో మాట్లాడేది ఆమె, చూసేది నేను. పొయ్యి వెలిగిందా లేదా, పిల్ల ఎవర్ని చూసి వెనక్కి జరుగుతోంది, ఇంట్లో పడకలెన్ని, మనుషులెందరు, ఇవన్నీ నా వంతు. కొత్తవాళ్ళకు ఆమె మొదటిరోజే ఒక మాట నేర్పేది: "ముందుగాల తలుపు గడియ చూడుండ్రి. లోపట ఉందా, బయట ఉందా? మనుషుల మొకాలు తర్వాత చూద్దురు."

నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది. జహనుమాలో అద్దెకుండేవాళ్ళు. భర్త లారీ మీద పోయి వారానికో, పది రోజులకో ఇంటికి వచ్చే మనిషి. ఒక్కతే కూతురు. ఎంత బిగుసుకుపోయిన పిల్లలైనా ఆమె దగ్గర నోరు విప్పేవాళ్ళు. కింద చాప మీద వాళ్ళ ఎత్తుకు కూర్చుని, "భయపడకు బిడ్డా, నువ్వు ఏం చెప్పినా నేను నమ్ముత" అనేది. ఆ మాట అబద్ధం కాదని పిల్లలకు ఎలా తెలిసేదో నాకిప్పటికీ తెలియదు. ఇంకేముంది, అందరికీ కష్టమైన కేసులన్నీ ఆమెకే. దున్నే ఎద్దునే పొడుస్తారు కదా. ఆమె అయితే ఏడవదు, ఆమె అయితే మధ్యలో లేచి పోదు అని మా సార్ మెచ్చుకునేవారు. మేమందరం తలూపేవాళ్ళం. ఆ మెచ్చుకోలుతో మా నెత్తిమీది బరువు ఆమె నెత్తికి మారుతోందని మాకు తెలుసు. తెలిసే తలూపాం.

ఒకసారి మా మనశ్శాంతి కోసం ఎవరో నిపుణుణ్ణి పిలిపించారు. కళ్ళు మూసుకుని జలపాతాన్ని ఊహించుకోమన్నాడు. మేం జలపాతం దాకా వెళ్ళేలోపల రెండు ఫోన్లు మోగాయి. రెండోది ఆమే ఎత్తింది. నిపుణుడు సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆమెలో మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, ఆమెను చూసి మేం మొదటిసారి నవ్విన రోజు గుర్తుంది. ఇద్దరం బస్సులో ఫలక్‌నుమా వైపు వెళ్తున్నాం. ముందు సీట్లో ఒక ముసలాయన ఒళ్ళో చిన్నపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆయన బిస్కెట్ నోట్లో కుక్కుతున్నాడు. ఆమె చూసి చూసి లేచి, డ్రైవర్ మీద అరిచి బస్సు ఆపించింది. "పిల్ల నీకేమైతది? తల్లి ఏది? పిల్ల పేరు చెప్పు, తల్లి పేరు చెప్పు!" బస్సంతా లొల్లి. ముసలాయన బిత్తరపోయి, "నా బిడ్డ బిడ్డనే తల్లీ. దవాఖానల సూది ఏపిచ్చుకొస్తున్న. గందుకే ఏడుస్తుంది," అని పిల్ల తొడ మీది దూది చూపించాడు. మమ్మల్ని బస్సు దింపేసినంత పని చేశారు. ఆఫీసులో ఈ కథ నేనే అభినయించి చూపించాను. ఆ రోజు నుంచి ఆమెకు జాసూస్, అంటే గూఢచారి, అని పేరు పెట్టాం. ఆమె నవ్వలేదు. "రేపు నిజంగనే ఎత్తుకపోయేటోడైతే?" అంది. మేం ఇంకా నవ్వాం.

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమంటారు. మా పనిలో పాము మనల్ని కరవదు. కరిచిందని రోజూ వింటాం, అంతే. భయం మాత్రం కాటు తిన్నవాళ్ళతో సమానంగా పట్టుకుంటుంది. ఆమె మేనమామల్ని అనుమానించడం మొదలుపెట్టింది, ఆటోవాళ్ళని, ట్యూషన్ సార్లని, చివరికి మా సందు మొదట్లో పిల్లలకు ఊరికే చాక్లెట్లిచ్చే పాన్‌డబ్బా భాయ్‌ని కూడా. నాకు మరో రకంగా పట్టుకుంది. మొద్దుబారిపోయాను. పెద్దమ్మ పోయినప్పుడు కంట్లో నీటిచుక్క రాలేదు. చుట్టాలు గుండె గట్టిదన్నారు. నేనూ అదేదో బిరుదు అనుకున్నాను.

ఇంతలో ఆమె కూతురి మాట వినపడటం మానేసింది. అంతకుముందు ఆ పిల్ల ఇంటర్ చదువు గురించి, మార్కుల గురించి రోజూ చెప్పేది. దసరా తర్వాత అడిగితే పచ్చకామెర్లన్నది. మా ఆఫీసులో కౌన్సెలింగ్ చేసే ముస్లిం అక్క, మేమంతా ఆపా అని పిలిచే ఆవిడ, "కిషన్‌బాగ్‌లో మంచి హకీమ్ ఉన్నడు, మై లేకే జాతూం, నేనే తీస్కపోత" అంటే వద్దన్నది. ఇంకోసారి అడిగితే జల్‌పల్లిలో చిన్నమ్మ ఇంటికి పంపానన్నది. ఈ మాటే ఏ తల్లైనా మా బల్ల ముందు కూర్చుని చెప్పి ఉంటే, చిన్నమ్మ ఇల్లెక్కడ, ఫోన్ నంబరు ఎంత అని పదిసార్లు అడిగేవాళ్ళం. మా మనిషి కాబట్టి అడగలేదు.

ఆ రోజు పొద్దున ఫోన్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"మేడం, జహనుమా. పదిహేడేండ్ల అమ్మాయి. కాలేజీ మాన్పిచ్చి ఇంట్ల పెట్టి బయట తాళం ఏస్తుండ్రంట."

"ఎవరు చేసిండ్రు ఫోన్?"

"అమ్మాయే చేసింది. పక్కింటామె కిటికీలకెల్లి ఫోన్ ఇచ్చిందంట. ఎంత మంచిగ చెప్పింది మేడం! మనం అడిగేవన్ని మనకంటే ముందే చెప్పింది. వయసు, దెబ్బలేం లేవు, అన్నం నీళ్ళు ఉన్నయి, తాళంచెవి అమ్మ దగ్గర ఉంటది అని."

"అమ్మ ఏడ ఉంది?"

ఆ అమ్మాయి, పిల్లలతో మాట్లాడే గదికి కట్టిన పరదా వైపు చూసింది. "మీ ఆఫీసులనే ఉంది అన్నది మేడం."

పరదా వెనక నుంచి నా జోడీ గొంతు వినపడుతోంది. ఎవరో చిన్నపిల్లతో బొమ్మలు వేయిస్తోంది. "భయపడకు బిడ్డా, నువ్వు ఏం చెప్పినా నేను నమ్ముత." ఆ ఇల్లు నాకు తెలుసు. పిండి గిర్నీ వెనక గల్లీ. ఆ పిల్లను నెలల పాపగా ఉన్నప్పుడు ఎత్తుకున్నాను.

సార్ గది తలుపు మూసి నేనూ ఆపా నిలబడ్డాం. సార్ చెడ్డవారు కాదు, భయస్తులు. "మన మనిషి. సాయంత్రం కూసోబెట్టి మంచిగ చెప్దాం. రికార్డుకెక్కితే ఆమె నౌకరి పోతది, మన ఇజ్జత్ పోతది," అన్నారు.

"దూస్‌రోంకా ఘర్ హోతా తో క్యా కర్తే సార్?" అంది ఆపా. "వేరేటోళ్ళ ఇల్లయితే సాయంత్రం దాకా ఆగుతుంటిమా? ఆ పిల్ల మన నంబర్ మీద భరోసా పెట్టింది. వాళ్ళమ్మకే చెప్తరేమో అని తెలిసి కూడ చేసింది. ఇయ్యాల పోకపోతే ఇగ జిందగీల ఎవ్వరికీ ఫోన్ చెయ్యది."

సార్ నా వైపు చూశారు. వెళ్తే నా జోడీ ఉద్యోగం పోవచ్చు. వెళ్ళకపోతే ఆ పిల్ల ఆ తాళం వెనకే ఉంటుంది, ఈసారి ఎవరూ రారని తెలిసి ఉంటుంది. నేను నిర్ణయం తీసుకున్నానని గొప్పగా చెప్పను. ఆ గదిలో నిలబడలేక తలుపు తీశాను, తీశాక మెట్ల వైపు నడిచాను. పిల్లల ఇంటివాళ్ళకు ముందుగా చెప్పకూడదన్నది మా నియమం. అందుకే పరదా తీయలేదు. కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను.

ఫలక్‌నుమా రైలు వంతెన మీద ఉండగా ఫోన్ మోగింది. ఆమే.

"అక్కా, నన్ను ఇడిసిపెట్టి ఎటు పోయినవ్?"

"చిన్న కేసు. నువ్వు పాపతోని ఉన్నవని పిలువలె."

"ఏ ఏరియా?"

"కిషన్‌బాగ్," అన్నాను. అప్పుడే కింద నుంచి రైలు కూత వేసుకుంటూ పోయింది.

"కిషన్‌బాగ్‌ల రైలు ఎప్పటికెల్లి నడుస్తుంది అక్కా?" అని ఫోన్ పెట్టేసింది. ఆటో వాణ్ణి తొందరపెట్టాను. తొందరపడి ఏం చేస్తానో నాకు తెలియదు. తాళంచెవి ఆమె దగ్గరుంది. అయినా ఆమె కంటే ముందు చేరాలనే ఒక్కటే ఆరాటం. కొత్తమ్మాయి నా చేతి వైపు చూసి, "మేడం, మీ బీపీ గోలీ ఏసుకున్నరా?" అని అడిగింది.

ముందు నాలుగు మెట్లు, చిన్న అరుగు, నీలం తలుపు. కొత్తమ్మాయి నేర్చుకున్న పాఠం ప్రకారం ముందు గడియ చూసింది. బయట ఉంది. కొత్తగా బిగించింది, మరలు ఇంకా తళతళలాడుతున్నాయి. దానికి పెద్ద తాళం. కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. పిల్ల మొహం కనిపించింది. కామెర్లు లేవు, జ్వరం లేదు. జడ శుభ్రంగా దువ్వుకుని ఉంది. నన్ను చూడగానే సంతోషించలేదు, అనుమానంగా చూసింది.

"ఆంటీ, మా అమ్మ పంపిస్తే ఒచ్చిండ్రా? నేను పిలిస్తే ఒచ్చిండ్రా?"

"నువ్వు పిలిస్తేనే ఒచ్చిన బిడ్డా."

"గట్లయితే మా అమ్మకు తెల్వదా?"

"తెలిసింది. ఒస్తుంది."

ఆ పిల్ల కిటికీ ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుంది. వెనకాల ఆటో ఆగిన చప్పుడు. నా జోడీ దిగింది.

తిడుతుందనుకున్నాను, మీద పడుతుందనుకున్నాను. ఆమె కొంగులోంచి తాళంచెవి తీసింది. రెండుసార్లు తప్పి మూడోసారి తాళం తీసింది. తలుపు తెరిచాక, నేను చెబితే మీరు నమ్మరు గానీ, అలవాటు కొద్దీ విజిట్‌లో నిలబడినట్టే నా కుడిపక్కకు వచ్చి నిలబడింది. లోపలికి నడిచి, మంచం మీద కూర్చున్న కూతురి ముందు నేల మీద కూర్చుంది. "భయపడకు బిడ్డా, నువ్వు ఏం..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. పిల్ల మొహం గోడ వైపు తిప్పుకుంది.

పిల్లతో మాట్లాడేటప్పుడు ఇంటివాళ్ళు గదిలో ఉండకూడదు. ఈ మాట ఎన్ని ఇళ్ళలో ఎందరు తల్లులకు చెప్పామో. ఎప్పుడూ ఆమే చెప్పేది. ఆ రోజు నేను చెప్పాల్సి వచ్చింది.

"నువ్వు బయట కూసో."

"అక్కా, నేను దాని తల్లిని."

"గందుకే."

ఆమె నన్ను చూసిన చూపు నేను వర్ణించను. లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

నేను మాట్లాడించేదాన్ని కాదు, చూసేదాన్ని. ఇల్లంతా చూశాను. పుస్తకాలు వరసగా సర్ది ఉన్నాయి. గిన్నెలో అన్నం, పప్పు మూతపెట్టి ఉన్నాయి. కిటికీ ఊచలకు అడ్డంగా సన్నటి జాలీ కొట్టి ఉంది, ఒక మూల మాత్రం ఊడదీసి ఉంది, ఫోన్ వచ్చింది అక్కడి నుంచే. చివరికి పిల్లే మొదలుపెట్టింది.

"మా అమ్మ నన్ను కొట్టదు ఆంటీ. అడుగుతది. దినాం అడుగుతది. ఎవలన్న ముట్టిండ్రా, ఎవలన్న ఏమన్న అన్నరా, నాకు చెప్పు అని. ఏం లేదమ్మా అంటే నమ్మది. చెప్పనీకే భయపడుతున్నవ్ అంటది. మళ్ళ మొదటికెల్లి అడుగుతది. నాన్న ఒచ్చినప్పుడు నాన్నను గూడ నా దగ్గర కూసోనియ్యది." దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఒకనాడు అవును అని చెప్దామనుకున్న ఆంటీ. ఎవలదో ఒకలది పేరు చెప్తే అడుగుడు బంద్ చేస్తదేమో అని. పాన్‌డబ్బా అంకుల్ పేరు నోటిదాక ఒచ్చింది. గప్పుడు భయమైంది. గందుకే ఫోన్ చేసిన."

ఈ ఉద్యోగంలో చాలా విన్నాను. ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. ఒక అమాయకుడి జీవితం ఆ పిల్ల నాలుక చివర ఆగింది. అడిగినవాళ్ళు మంచివాళ్ళే, అడిగిన ప్రశ్నలు సరైనవే, మేమే తయారుచేసుకున్నవే.

"ఇప్పుడు నీకేం కావాలె?"

"కాలేజీకి పోవాలె. ఇంకోటి ఆంటీ... మా అమ్మను ఎవలన్న అడగుండ్రి. నన్ను అడిగినట్టు. ఎవలూ అడుగరు ఆమెను."

మెట్ల మీదికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అన్నం తిన్నవా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "రాత్రులు నిద్ర పడుతుందా?" దానికీ అంతే. తర్వాత తనే మాట్లాడింది.

"ఒక్క మాట చెప్పు అక్కా. మన దగ్గరికొచ్చే తల్లులందరు ఏమంటరు?"

జవాబు కూడా తనే చెప్పింది.

"మాకు తెల్వదు మేడం అంటరు. మా కండ్ల ముంగటనే ఉండె, మాకు తెల్వకపాయె అంటరు. ఒక్కొక్కళ్ళు నా కాళ్ళు పట్టుకొని అన్నరు. నేను గా మాట అనొద్దు అనుకున్న. గంతే. నాకు తెల్వదు అనే తల్లిని నేను కావొద్దు." అని మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. పక్కింటి కోడలు గోడ మీది నుంచి చూసి తల వెనక్కి తీసుకుంది.

తర్వాత జరిగింది చెప్పేస్తాను, మీరు దాని గురించే ఆలోచిస్తుంటారు. ఫిర్యాదు రికార్డుకెక్కింది. రాసింది నేనే. సార్ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నమే ఆపా ఒక కార్పెంటర్ భాయ్‌ని పంపితే అతను బయటి గడియ పీకేశాడు. పిల్ల కాలేజీకి వెళ్ళింది. తల్లిని సెలవు మీద పంపారు, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలికి చూపించాం, మందులు వాడింది. తిరిగొచ్చాక ఆమెను పిల్లల వాంగ్మూలాల దగ్గర కూర్చోబెట్టలేదు, వేరే పని ఇచ్చారు. ఆమెకది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. మా ఇద్దరి మధ్య పాత చనువు తిరిగి రాలేదు, పండగకు ఫోన్లు చేసుకుంటాం. అన్నీ సర్దుకున్నాయని మీకు చెబితే అది కూడా జలపాతం కథే అవుతుంది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. అదే పూట ఆ మెట్ల మీద జరిగింది.

ఏడుపు సద్దుమణిగాక పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "చాయ్ పెడుత. పాలు లేవు. నేను పోయి తెస్త," అంది. వాళ్ళమ్మ చటుక్కున లేవబోయింది. నేను మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. పిల్ల చెప్పులు వేసుకుని మా పక్క నుంచి మెట్లు దిగింది. కిరాణా దుకాణం గిర్నీ దాటి మలుపు తిరిగాక ఉంటుంది, ఇక్కడికి కనపడదు. మలుపు దగ్గర దుపట్టా కొస ఒకసారి కనిపించి మాయమైంది.

"ఒస్తది," అన్నాను. "గింత దూరమే. నువ్వు ఊపిరి పీల్చు." జలపాతం నిపుణుడి మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే సిగ్గేసింది. ఆమె నాడి నా వేళ్ళ కింద దబదబ కొట్టుకుంటోంది. గిర్నీ ఆడుతున్న చప్పుడు. ఒక స్కూటర్ పోయింది. ఇద్దరు మగవాళ్ళు ఏదో వాదించుకుంటూ మలుపు వైపు నడిచారు. ఈపాటికి రావాలి. పాలు తీసుకుని డబ్బులిచ్చి రావడానికి ఎంతసేపు కావాలి? గిర్నీ ఆగిపోయింది. గల్లీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ ఇద్దరు మగవాళ్ళు ఎటు పోయారు? ఆ స్కూటర్ ఎందుకు మెల్లగా పోయింది?

నా పక్కనున్న మనిషి పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, కూర్చున్నచోటే కూర్చుని ఉంది. కదల్లేదు.

పరుగెత్తింది నేను.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గిర్నీ దాటి, మలుపు తిరిగి, ఎవరినో తోసుకుని దుకాణం ముందుకు వెళ్ళి పడ్డాను. పిల్ల అక్కడే ఉంది. ఎవరో కాలేజీ స్నేహితురాలు కనపడితే పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని నవ్వుతూ మాట్లాడుతోంది. నన్ను చూసి నవ్వు ఆపేసింది. ఊడిపోయిన నా ముడిని, ఎగిసిపడుతున్న నా గుండెను, చెప్పులు లేని నా కాళ్ళను చూసింది.

"ఆంటీ," అంది మెల్లగా, "మీరు గూడనా?"